తెలుగు గొంతును కుదించి దాచకండి!
మూల రికార్డింగు 48 కిలోహెర్ట్జ్‌లోనే ఉండాలి

తెలుగు మాటను రికార్డు చేస్తున్న విద్యార్థులకు, అధ్యాపకులకు, ఇంజనీర్లకు విజ్ఞప్తి!

ఊళ్ల యాసలు, జానపద గాథలు, పెద్దల మాటలు ఇవాళ ఫైళ్లుగా మారుతున్నాయి. రేపు తెలుగు వినే, తెలుగు పలికే యంత్రాలకు ఇవే పాఠాలు. రికార్డు చేసేటప్పుడు పోయిన ధ్వనిని తర్వాత ఏ కంప్యూటరూ ఉన్నదున్నట్టు తిరిగి తేలేదు.

సెకనుకు ఎన్ని శాంపిళ్లు తీస్తామో, అందులో సగం పౌనఃపున్యం వరకే ధ్వని నిలుస్తుంది. పాత ఫోన్ పద్ధతిలో 8,000 శాంపిళ్లు తీస్తే 4,000 హెర్ట్జ్ దాటినదంతా పోతుంది. ‘స’కారం బలం చాలావరకు అక్కడే ఉంటుంది. ఫోన్‌లో ‘స’నో ‘ఫ’నో తేలక పేరు మళ్లీ చెప్పించుకునేది అందుకే.

మాటను గుర్తించే విస్పర్ వంటి మోడళ్లు 16 కిలోహెర్ట్జ్‌తో, అంటే సెకనుకు 16,000 శాంపిళ్లతో పనిచేస్తాయి. అంత చాలు కదా అని మూలాన్నే అక్కడికి దించేయడం తప్పు. మాట పలికే మోడళ్లు చాలావాటికి 22.05 లేదా 24 కిలోహెర్ట్జ్ కావాలి. 48 కిలోహెర్ట్జ్, 16 బిట్, ఒకే చానెల్‌లో గంట మాటకు పట్టేది దాదాపు 346 మెగాబైట్లు. 16 కిలోహెర్ట్జ్‌లో 115. ఆ కొద్ది తేడా కోసం ఒక తరం గొంతును కోసేయాలా?

ఫైలులో శాంపిల్ రేటు తప్పుగా రాసినా నష్టమే. 8 కిలోహెర్ట్జ్ ఫైలును 16 అని చదివిస్తే మాట రెట్టింపు వేగంతో పరుగెడుతుంది, దీర్ఘం సగమైపోతుంది. ‘పాలు’కూ ‘పలు’కూ నిడివే ప్రాణమైన భాషకు ఇది చిన్న పొరపాటు కాదు.

ఫ్రేమ్ రేటూ, అంటే మోడల్ సెకనులోని ధ్వనిని ఎన్ని ముక్కలుగా చూస్తుందన్నదీ, అంతే ముఖ్యం. విస్పర్ ధ్వనిని ముందు 10 మిల్లీసెకన్లకు ఒక ఫ్రేముగా చూస్తుంది. కొన్ని కొత్త మోడళ్లు సెకనుకు 12.5 ఫ్రేములే తీసుకుంటాయి. అంటే ఒక్కో అడుగు 80 మిల్లీసెకన్లు. వడిగా మాట్లాడితే హ్రస్వాచ్చు అంతకంటే ముందే ముగిసిపోవచ్చు. అలాంటి మోడల్ తెలుగులో హ్రస్వదీర్ఘాలను, ద్విత్వాలను నిలబెడుతుందో లేదో పరీక్షించకుండా వాడుకలోకి తేకూడదు.

మా డిమాండ్లు:

1. మూల రికార్డింగును 48 కిలోహెర్ట్జ్‌లో, కుదించని వేవ్ ఫైలుగా గానీ, ధ్వని ఏమాత్రం పోకుండా కుదించే ఫ్లాక్ ఫైలుగా గానీ భద్రపరచాలి.
2. రేటు తగ్గించాల్సి వస్తే నకలులోనే తగ్గించాలి. ముందు ఫిల్టరు వేయాలి. లేకుంటే కొత్త రేటులో సగానికి మించిన పౌనఃపున్యాలు కిందికి మడతపడి మాటను చెడగొడతాయి.
3. ప్రతి ఫైలుతోనూ శాంపిల్ రేటు, బిట్ లోతు, చేసిన మార్పులు రాసి ఉంచాలి.
4. ‘గద–గద్ద’, ‘కల–కాల’ వంటి జంటలతో పరీక్షించి, ఆ ఫలితాలను ఫ్రేమ్ రేటుతో సహా ప్రకటించాలి.
5. ప్రజాధనంతో జరిగే ప్రతి సేకరణ ఒప్పందంలో ఈ షరతులు చేర్చాలి.

మీ కళాశాలలో, మీ సంస్థలో తదుపరి రికార్డింగు మొదలయ్యేలోపే ఈ షరతులను అడగండి, రాయించండి, అమలు చేయించండి!