షూటింగు చేసి చూడు

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్నారు పెద్దలు. వారి కాలంలో కాలేజీ పిల్లలు పాటల వీడియోలు తీసే వాడుక లేదు గనుక సరిపోయింది గాని, వుండివుంటే "షూటింగు చేసి చూడు" అని మూడో మాట కూడా తప్పక చేర్చివుందురు. పోయిన మూడు వారాలుగా ఆ మూడో ముచ్చట నా నెత్తిన పడ్డది.

మా కాలేజీ దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్.బి.నగర్‌కూ నడుమ వుంది. ఫిబ్రవరిలో వార్షికోత్సవం. ఏటా పిల్లలు నాలుగు డాన్సులూ, ఒక నాటికా వేసి ఊరుకునేవారు. ఈసారి పదకొండుమంది కలిసి వచ్చి, "మేడం, మేము మ్యూజిక్ వీడియో తీస్తాం. మీరు మాకు పెద్దదిక్కుగా వుండాలి" అన్నారు. నేను చెప్పేది తెలుగు. కెమెరాకు ముందేదో వెనకేదో తప్ప మరేమీ తెలియనిదాన్ని. "నేనెందుకర్రా?" అంటే, "ఎవరైనా లెక్చరర్ సంతకం పెట్టందే కుదరదన్నారు మేడం" అని అసలు సంగతి చెప్పారు. సంతకానికి పిలిచినా పెళ్లిపెద్ద పెళ్లిపెద్దే గదా అని ఒప్పుకున్నాను.

మొదట వాళ్లు వేసిన పథకం వినండి. 'మాయాబజార్'లోని పడవ పాటకు కొత్త వాద్యాలు కట్టి, సరూర్‌నగర్ చెరువుగట్టున తీస్తారట. 1957 నాటి సినిమా. ఆ పాటలో మార్కస్ బార్‌ట్లీ కెమెరా కురిపించిన వెన్నెల మీద ఈ కాలపు పిల్లలకు మనసు పడ్డందుకు లోలోపల సంతోషించాను. "అరవై ఏళ్లు దాటింది గదా మేడం, ఆ పాట ఇక ఎవరిదీ కాదు" అన్నాడు కెమెరా పట్టే అబ్బాయి, చట్టం చదువుకున్నవాడల్లే.

ఇంటికి పోయి విచారిస్తే ఆ మాటలో సగమే నిజమని తేలింది. మన దేశంలో కాపీరైటు చట్టం కూడా ఆ 1957లోనే వచ్చింది. దాని ప్రకారం పాట రికార్డు మీద హక్కు, అది వెలువడిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. కాని సాహిత్యం మీదా, బాణీ మీదా హక్కు, వాటిని కూర్చినవారు గతించిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. పింగళి నాగేంద్రరావుగారు పోయింది 1971లో. ఆ లెక్కన ఆయన మాటల మీద హక్కు 2031 ఆఖరుదాకా వుంటుంది. ఇక యూట్యూబులో పెడితే, పాటను ఆనవాలు పట్టే యంత్రం అక్కడ రాత్రింబవళ్లు కాపలా కాస్తూనే వుంటుంది. నలుగురూ కూర్చుని పాడుకోవడం వేరు, వీడియో తీసి లోకం మీదికి వదలడం వేరు.

పిల్లల మొహాలు చిన్నబోయాయి. అప్పుడు వెనక నిలుచున్న ఒక అమ్మాయి నోటు పుస్తకం ముందుకు చాచి, "నేనొకటి రాశాను మేడం" అన్నది. ఏడాదిన్నరగా నా క్లాసులో వున్న పిల్లే. హాజరు పలకడానికి తప్ప నోరు విప్పగా చూడలేదు.

పాట కొత్తపేట పండ్ల మార్కెట్టు మీద. ఈ ప్రాంతంలో వుండేవారికి చెప్పనక్కరలేదు, ఎండాకాలం వచ్చిందంటే ఆ రోడ్డంతా మామిడిపళ్ల వాసన. బస్సులో కళ్లు మూసుకుని కూర్చున్నా కొత్తపేట వచ్చిందని ముక్కు చెప్పేది. 2021లో ఆ మార్కెట్టును హయత్‌నగర్ దాటి బాటసింగారానికి తరలించారు. పాత జాగాలో పెద్దాసుపత్రి కట్టడానికి మరుసటి ఏడు శంకుస్థాపన జరిగింది. ఆసుపత్రి వద్దనేవారెవరు? కాని వాసన పోయింది. పాటలో ఒక నాన్న ఆ వాసనను చొక్కాకు అంటించుకుని ఇంటికి వచ్చేవాడు, ఇప్పుడు రావడం లేదు. అంతే పాట. నేను రెండుచోట్ల మాత్రలు సరిచూసి, ఒక పొడుగు పాదాన్ని తాళానికి సరిపడా కత్తిరించాను. మిగతాది ముట్టుకోలేదు.

బాణీ గిటారు అబ్బాయి కట్టాడు. ఒక ఇంట్లో గోడలకు పరుపులు ఆనించి, ఫ్యాను ఆపి రికార్డు చేశారు. పాట నిడివి 3 నిమిషాల 20 సెకన్లు. పాటే ముందు, బొమ్మ తర్వాత. అది సినిమావాళ్లు నేర్పిన క్రమమే. రికార్డయిన పాటను షూటింగులో పెద్దగా వినిపిస్తూ పెదవులు కలపడమే గదా పని.

ఇక లెక్క మొదలైంది. షాటు సగటున 4 సెకన్లనుకుంటే 200 సెకన్ల పాటకు 50 షాట్లు. షాటుకు పది నిమిషాలు చొప్పున 500 నిమిషాలు, అంటే ఎనిమిది గంటల పైచిలుకు. జనవరిలో మనకు సూర్యోదయం ఇంచుమించు ఆరూ ముప్పావుకు. మెత్తని ఎండ వుండేది తొమ్మిదిలోపలే. తర్వాత ముఖాల మీద నీడలు కత్తుల్లా పడతాయి. అందుకని 50ని 18కి కుదించమన్నాను. అమ్మో, ఎంత గొడవ! ప్రతివాడి షాటూ వాడికి కన్నబిడ్డే. అప్పుడు కె.వి.రెడ్డిగారి సంగతి చెప్పాను. ఆయన నటులచేత ముందే రిహార్సల్ చేయించి, స్టాప్‌వాచీ పట్టుకుని ఏ సన్నివేశం ఎంతసేపో లెక్కకట్టుకునేవారట. అంతటివారే గడియారం చూసుకున్నారంటే మనమెంత అని సర్దుకున్నారు.

మరో చిక్కు కెమెరా అబ్బాయే కనిపెట్టాడు. రిహార్సల్ వీడియోలో ట్యూబులైటు కింద చారలు పాకుతున్నాయి. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది గనుక దీపం సెకనుకు నూరుసార్లు మినుకుతుంది. ఫోను మూసి తెరిచే వేగం దానికి పొసగకపోతే చారలు పడతాయి. సెకనులో యాభయ్యో వంతుకో, నూరో వంతుకో అమర్చితే మాయం. నాకది ఛందస్సులాగే కనిపించింది. లయ కుదిరితే అన్నీ కుదురుతాయి.

మెట్రో స్టేషనులో తీస్తామన్నారు. అనుమతి లేనిదే వీల్లేదన్నాను. డ్రోను అద్దెకు తెస్తామన్నారు. ఆ నియమాలన్నీ చదివి వచ్చి మాట్లాడమన్నాను, మళ్లీ ఎత్తలేదు.

అన్నీ అయ్యాక తెర మీద కనిపించేదెవరన్న ప్రశ్న వచ్చింది. పాట రాసింది, పాడింది ఆ అమ్మాయే. అందరూ ఆమె పేరే చెప్పారు. ఆమె తలవంచుకుని, "మా నాన్న ఒప్పుకోరు మేడం" అన్నది.

వీడియోలో కనిపించే ప్రతివారి ఇంటినుంచీ నేను సంతకం అడిగాను. కాబట్టి ఆదివారం సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. రెండు గదుల ఇల్లు. వాకిట్లో తోపుడు బండి, మీద తడిగోనె కప్పి వుంది. ఆమె తండ్రి పాత మార్కెట్టులో కమీషను దుకాణం గుమాస్తాగా వుండేవాడట. మార్కెట్టు తరలిపోయాక సొంతంగా బండి పెట్టుకున్నాడు. తెల్లవారుజామునే బాటసింగారం పోయి సరుకు తెచ్చుకుని, ఏడింటికల్లా దిల్‌సుఖ్‌నగర్‌లో పండ్లు పేరుస్తాడు.

"మా పిల్ల పాట రాసిందంటే నాకు సంతోషమే మేడం" అన్నాడాయన. "గాని ఆడపిల్ల మొకం ఎవరెవరి ఫోన్లల్లనో తిరుగుతది. ఒక్కపారి పోయినంక మల్ల తెచ్చుకుంటమా?"

నాకు బదులు దొరకలేదు. ఆయనది పాతకాలపు మాట అని తోసేద్దామంటే, అది పాతకాలపు మాట కాదు. ఒక్క ఫోటో దొరికితే చాలు, లేని వీడియోలు సృష్టించే రోజులివి. ఒప్పించడానికి పోయినదాన్ని ఒప్పుకుని కూర్చున్నాను.

"ఏదీ, పాట ఇనిపియ్యి" అన్నాడు కూతురితో. ఫోనులో వినిపించింది. వింటున్నంతసేపూ బండి వంకే చూశాడు. అయిపోయాక, "పొద్దుగాల లారీలు దిగుతయని రాసినవు. పొద్దుగాల గాదు బిడ్డా, నడిరాత్రే దిగుతుండె" అని తప్పు దిద్దాడు. కాసేపాగి నాతో, "మొకాలెందుకు మేడం? చేతులు తియ్యుండ్రి. పండ్లు పేర్చేది చేతులే గద" అన్నాడు. ఎవరి చేతులని నేను అడగలేదు. ఆయన తన చేతులే చూసుకుంటున్నాడు.

సందు చివరిదాకా సాగనంపడానికి వచ్చిన అమ్మాయి మెల్లగా అన్నది: "మా నాన్న బిజినెస్ చేస్తారని చెప్పాను మేడం అందరికీ. బండి సంగతి తెలీదు."

"అది నేను చెప్పవలసిన మాట కాదమ్మా" అన్నాను. మరేమనడానికీ నాకు తోచలేదు. ఆ రాత్రి మాత్రం నిద్ర సరిగా పట్టలేదు. సరదాకు మొదలుపెట్టిన పనిలో ఒక పిల్ల గుట్టు నా చేతికి వచ్చి పడింది గదా అనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం అందరూ కూర్చున్నప్పుడు ఆమే చెప్పింది. బండి మా నాన్నది, పాటలో నాన్న మా నాన్నే అని. గది నిశ్శబ్దమైపోయింది. ఎవరైనా జాలి పడతారేమోనని నాకు భయం. కెమెరా అబ్బాయి పెన్ను తీసి, "అంకుల్ బండి ఎన్నింటికి పెడతారు? సూర్యుడు ఎటువైపునుంచి వస్తాడు?" అని అడిగాడు. ఆ పిల్ల నవ్వింది. మూడు వారాల్లో ఆమె నవ్వగా చూడడం అదే మొదలు.

ఈ ఆదివారమే షూటింగు. మీ ఇంట్లో పిల్లలు కూడా రేపో మాపో ఇలాంటి పనికి దిగవచ్చు గనుక మేము గోడకు అంటించుకున్న పట్టిక చెబుతాను. పాట సొంతమా, అనుమతి వున్నదా? కనిపించేవారంతా, వారి ఇంటివారూ ఒప్పుకున్నారా? దారిన పోయేవారి ముఖాలు పడకుండా చూస్తున్నామా? ఫోనులో జాగా వున్నదా? నాణ్యత హెచ్చించి తీస్తే నిమిషానికి 170 మొదలు 350 మెగాబైట్లు మింగుతుంది. అదనపు బ్యాటరీ, మంచినీళ్లు, ఇడ్లీ పొట్లాలు వున్నాయా? ఆడపిల్లల్ని ఇంటి గడపదాకా దింపేదెవరు? చివరిది ఆ అమ్మాయి చేర్చింది: బండి దగ్గరికి బేరం వస్తే షూటింగు ఆపాలి.

వీడియో ఎలా వస్తుందో గాని, 18 షాట్ల జాబితా మాత్రం నా బల్ల మీద వుంది. మొదటిది ఆమె దస్తూరీలోనే వుంది: "ఉదయం 7 గంటలు. దిల్‌సుఖ్‌నగర్. నాన్న చేతులు."