గడ్డి తిన్నదెవరు?

ఆషాఢంలో పెళ్లిళ్లుండవు. పెళ్లిళ్లు లేకపోతే బరాత్ లేదు. బరాత్ లేకపోతే మా వీధి చివర కొట్టంలో ఉన్న రెండు తెల్లగుర్రాలకు పనుండదు. ఆకలి మాత్రం ఉంటుంది. పని ఉన్నా లేకున్నా ఒక్కోటీ రోజుకు ఏడెనిమిది కిలోల ఎండుగడ్డి నమిలేస్తుంది. ఉలవలు, తవుడు ఖర్చు వేరే.

వాటి యజమానిని హైదరాబాద్‌లోని మా వీధి వీధంతా గుర్రాల మామ అంటుంది. నేనూ అంతే. జీను మీద బిగుసుకుపోయిన పెళ్లికొడుకుల చెవిలో "నీకన్న అదే నయం, వణుకుతలేదు" అని చెప్పి నడిపించే మనిషి. ఆషాఢం చివర్లో ఓ ఆదివారం పొద్దున్నే మా తలుపు కొట్టాడు. నవ్వు లేదు. చేతిలో గుప్పెడు గడ్డి.

"వాసన జూడు బిడ్డా" అన్నాడు.

చూశాను. అటక మీద మరిచిపోయిన తడి గోనెసంచీ వాసన. కాస్త దులిపితే తెల్లటి పొడి లేచింది. నాకు వరసగా నాలుగు తుమ్ములు.

జరిగిందేమిటంటే, శ్రావణం ముహూర్తాలకు ముందే గడ్డి దించుకోవాలని వంద బేళ్లు కొన్నాడు. బేలు ఇరవై కిలోలు. మొత్తం రెండు టన్నులు, 18 వేల రూపాయలు. పది వేలు చేతికిచ్చాడు, మిగతా ఎనిమిది శ్రావణం అయ్యాక. రసీదు అంటే తెల్లకాగితం మీద రెండు అంకెలు, కింద ఓ గీత. లారీ వచ్చేసరికి చీకటి పడింది, తుంపర కూడా. పైకి బేళ్లన్నీ బంగారంలా ఉన్నాయి. మూడు బేళ్లు గుర్రాలు తినేశాక నాలుగోది కోస్తే నడుమ బూడిదరంగు బూజు. చెయ్యి పెడితే వెచ్చగా తగిలిందట.

అంతకు ముందు రాత్రే చిన్న గుర్రం మేత మానేసింది. కాలితో నేల గీకడం, మెడ తిప్పి పొట్టవైపు చూసుకోవడం, పడుకోవడం, లేవడం. మనకైతే కడుపులో తేడా చేస్తే వాంతయి పోతుంది. గుర్రానికి ఆ దారి లేదు. దాని జీర్ణాశయం మూతి దగ్గరి కండరం అంత గట్టిది. లోపలికి పోయిందేదైనా వెనక నుంచి రావాల్సిందే. పశువుల డాక్టరు అర్ధరాత్రి వచ్చి ముక్కులోంచి గొట్టం వేసి నూనె పోశారు. తెల్లారి లద్దె వేసింది. "గప్పుడు నా పానం లేచొచ్చింది" అన్నాడు మామ. బూజు వల్లే అని కచ్చితంగా రాసివ్వలేనుగానీ ఆ గడ్డి మళ్లీ ముట్టనివ్వొద్దని డాక్టరు చెప్పి వెళ్లారట.

మామ అప్పటికే గడ్డి అమ్మిన సేటుకు ఫోన్ చేశాడు. అక్కడి నుంచి మూడు జవాబులు వచ్చాయి. వాన నేను కురిపించిన్నా? ఎండల ఆరబెట్టు, పోతది. బర్రెలోళ్లు ఇదే కొంటపోతున్నరు, వాళ్లకు లేని నొప్పి నీకేంది?

వాన సంగతి చూద్దాం. బేలు పైన పడిన తుంపరతో నడుమ బూజు పుట్టదు. సరిగ్గా ఆరని గడ్డిని కట్ట కడితే లోపల కాకెక్కుతుంది. గడ్డివాము వేసే రైతు ఎవరినడిగినా చెబుతారు. బేలు కట్టేనాటికి గడ్డిలో తేమ 15 శాతానికి మించకూడదు. అదే పాతిక శాతం ఉందనుకోండి, టన్ను గడ్డిలో 250 కిలోలు నీళ్లే. కాటా మీద దానికీ గడ్డి ధరే. అంటే మామ కొన్నది గడ్డితోపాటు కొంత నీరు కూడా.

ఎండబెట్టడమంటారా? ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. మామ కూడా సగం పడ్డాడు, పాతిక బేళ్లు విప్పి మేడ మీద పరిచేశాడు. ఎండకు బూజు పెరగడం ఆగుతుంది, వాసన తగ్గుతుంది. అది అప్పటికే వదిలిన విషం మాత్రం గడ్డిలోనే ఉంటుంది. నీళ్లతో తడిపి వేస్తే దుమ్ము లేవదు, ఊపిరితిత్తులకు కొంత మేలు. విషానికి అదీ విరుగుడు కాదు. మంచి గడ్డిలో కలిపి పెడితే రెండూ చెడతాయి.

ఇక బర్రెలు. నెమరువేసే పశువు పొట్టలోని సూక్ష్మజీవులు కొన్ని విషాలను విరిచేస్తాయి, గుర్రానికి ఆ సౌకర్యం లేదు. ఆ మేరకు సేటు మాట నిజమే. అంతమాత్రాన బర్రెకు ఏమీ కాదనుకోవడానికి లేదు. బూజు పట్టిన వరిగడ్డి తిన్న బర్రెలకు చెవులు, తోకలు, గిట్టలు కుళ్లే జబ్బొకటి ఉంది. పేరు డెగ్ నాలా. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న ఓ వాగు పేరది. అఫ్లాటాక్సిన్ అనే బూజు విషమైతే మేతలోంచి రూపం మార్చుకుని పాలలోకి దిగుతుంది. మన ఆహార భద్రతా సంస్థ దానికి పెట్టిన హద్దు కిలో పాలకు అర మైక్రోగ్రామ్.

"అయితే పారబోస్త. సేటుతోని లొల్లి ఎందుకు బిడ్డా? రేపు శ్రావణంల గడ్డి ఎవరిస్తరు?"

నాకు నోట మాట రాలేదు. ఎనిమిది వేల బాకీ, పైగా అప్పుకు గడ్డి దించే సేటు ఆయనకు ఇంకొకరు లేరు. చట్టం తెలిసిన స్నేహితురాలికి ఫోన్ చేశాను. ఆమె మొదటి ప్రశ్న: చెడిపోయిందని సేటుకు ఎప్పుడు చెప్పారు? నిన్ననే అన్నాను. "బతికిపోయాడు" అంది. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం ప్రకారం సరుకు పరీక్షించుకునే అవకాశం కొన్నవాడిది. బాగాలేదనుకుంటే తీసుకోనని చెబితే చాలు, తిరిగి మోసుకెళ్లి అప్పజెప్పనక్కర్లేదు. కానీ చాలారోజులు మాట్లాడకుండా ఉంచుకుంటే ఒప్పుకున్నట్టే. గుర్రాలకని చెప్పి కొన్నాడు కాబట్టి గుర్రాలకు పనికొచ్చే గడ్డే ఇవ్వాలి.

"యాపారానికి కొన్నోళ్లకు కన్జ్యూమర్ కోర్టు లేదంటరు గద?" మామకు ఆ అనుమానం. నిజమే, లేదు. అయితే 2019 చట్టంలో ఓ మినహాయింపుంది. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి మాత్రమే కొన్నవాడు వినియోగదారుడే. రెండేళ్లలోపు ఫిర్యాదు చేయొచ్చు. ఐదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. ముందుగా 1915కు ఫోన్ చేసి మాట్లాడొచ్చు.

మామ కోర్టు మాట ఎత్తనివ్వలేదు. ఫోటోలకు మాత్రం ఒప్పుకున్నాడు. నాలుగో బేలు నడుమ, కాటా చీటీ, డాక్టరు చీటీ. రెండు గుప్పిళ్ల గడ్డి కాగితం సంచిలో కట్టి తేదీ వేశాం. "97 బేళ్లు తీసుకోవడం లేదు, పక్కన పెట్టాను, వచ్చి చూసుకో" అని వాట్సాప్‌లో నేనే టైపు చేశాను. పంపే బొత్తాం ఆయన చేతనే నొక్కించాను.

రెండు రోజులు నీలం గీతలు తప్ప జవాబు లేదు. మూడో రోజు సేటే స్వయంగా దిగాడు. ఓ ఇనుపచువ్వ బేలు నడుమకు గుచ్చి, కాసేపాగి తీసి ఆయన చేతిలో పెట్టాడు మామ. సేటు చటుక్కున వదిలేశాడు. గంటసేపు బేరం. తినేసిన మూడు బేళ్లకు లెక్క కట్టలేదు, డాక్టరు ఖర్చు ఇవ్వలేదు. బాకీ కొట్టేసి, పది వేలకు కొత్త గడ్డి తోలతానన్నాడు. తోలాడు కూడా. ఈసారి మామ పగటిపూటే, ఐదు బేళ్లు కోసి చూశాకే దించుకున్నాడు.

అదే లారీలో పాత బేళ్లు ఎక్కించారు. మేడ మీద పరిచినవి కూడా మళ్లీ కట్టలు కట్టారు. అప్పటిదాకా గెలిచామనే ఊపులో ఉన్నాను. ఇవెక్కడికి పోతాయని హమాలీని ఊరికే అడిగాను.

"తబేలాకు" అన్నాడు, తాడు బిగిస్తూ.

మామ నా మొహం చూశాడు, నేను ఆయన మొహం చూశాను. ఎరువు గుంతలో వేయించాలన్న ఆలోచన నాకు రాలేదు, ఆయనకూ రాలేదు. సేటుకు ఫోన్ చేశాను. రెండుసార్లు రింగయి ఆగిపోయింది. లారీ అప్పటికే మెయిన్ రోడ్డెక్కి, మాకు పాలొచ్చే వైపే తిరిగింది.