అనువర్తిత ఉష్ణగతిక శాస్త్రం - మన చదువు, మన భాషలు

మన కళాశాల వార్షిక పత్రికలో కవితలు, గజళ్లు, మహనీయుల జీవిత చరిత్రలు విరివిగా వెలువడుచుండును. శాస్త్ర విషయాలకు మాత్రం అంతగా చోటు దొరకదు. ఇది సంపాదకుల దోషం కాదు. వ్రాయువారు లేకపోవుటయే కారణం. ఆ లోటును కొంతైనా తీర్చవలెనను తలంపుతో, ఇంజనీరింగ్ విద్యలో అడుగుపెట్టిన మన ప్రాంతపు విద్యార్థులను మిక్కిలి భయపెట్టు ఒక పాఠ్యాంశాన్ని గురించి మా అభిప్రాయాలను తోటి విద్యార్థుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచుచున్నాము. అది అనువర్తిత ఉష్ణగతిక శాస్త్రం. విశ్వవిద్యాలయాలలో దానిని అప్లైడ్ థర్మోడైనమిక్స్ అనియు, కొన్నిచోట్ల థర్మల్ ఇంజనీరింగ్ అనియు పిలుచుచున్నారు. బాయిలరు, టర్బైను, డీజిల్ ఇంజను, శీతలీకరణ యంత్రం, ఇవన్నియు దాని పరిధిలోనివే.

ఈ పాఠ్యాంశంలో తప్పిన విద్యార్థి సాధారణంగా చెప్పు మాట ఒకటే: "లెక్కలు వచ్చును గాని ప్రశ్న అర్థం కాలేదు." మేము ఈ మాటను తేలికగా తీసివేయము. పాత ప్రశ్నపత్రాలలోని లెక్కలను వరుసగా వల్లించి, స్టీమ్ టేబుల్స్ పుస్తకంలో ఎంట్రపీ విలువను నాలుగు దశాంశాల వరకు వెదకి తీయగల విద్యార్థి, "కండెన్సరు ఎందుకు?" అని అడిగినచో మౌనం వహించుట మేము చూచినాము. మాలో కొందరము ఒకప్పుడు ఆ విధంగా మౌనం వహించినవారమే.

మంథని వేదాధ్యయనానికి పేరొందిన ఊరు. మంత్రపురి అని దానికి మరొక పేరు. అక్షరం తప్పకుండ వేదాన్ని కంఠస్థం చేసిన పండితులు అచ్చట వర్ధిల్లినారు. ఖురాన్‌ను సంపూర్ణంగా హృదయస్థం చేసిన హాఫిజ్ సాహెబులను మన సమాజం ఎంతటి గౌరవంతో చూచునో పాఠకులకు తెలియును. ధారణ గొప్ప శక్తి. దానిని చిన్నచూపు చూచుట మా ఉద్దేశం కాదు. కాని పవిత్ర గ్రంథం విషయంలో ఒక్క అక్షరం మారరాదు. బాయిలరు విషయంలోనో, బొగ్గు మారినను, ఋతువు మారినను సమాధానం మారును. ఒకచోట శోభించిన పద్ధతిని తెచ్చి వేరొకచోట నిలిపినందున ఈ చిక్కు వచ్చినది.

ఇందులో విచారింపదగిన సంగతి మరొకటి కలదు. ఈ శాస్త్రం చదువుటకు మన ప్రాంతం కంటె అనువైన చోటు దేశంలో అరుదు. పూర్వపు కరీంనగర్ జిల్లాలో, నేటి పెద్దపల్లి జిల్లాలో, మంథని పేరు గల జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు ఇంజనీరింగ్ కళాశాల 2010లో సెంటినరీ కాలనీలో ఏర్పడినది. చుట్టును సింగరేణి బొగ్గు గనులు. అదే జిల్లాలో రామగుండం. అచ్చట 62.5 మెగావాట్ల బి-థర్మల్ కేంద్రం 1971లో ఆరంభమైనది. తరువాత ఎన్‌టీపీసీ వారి కేంద్రానికి 1978లో శంకుస్థాపన జరిగి, మొదటి 200 మెగావాట్ల యూనిట్ 1983లో వెలుగు చూచినది. మూడు 200 మెగావాట్ల యూనిట్లు, నాలుగు 500 మెగావాట్ల యూనిట్లు కలిసి దాని సామర్థ్యం 2600 మెగావాట్లకు చేరినది. గోదావరి ఆవలి ఒడ్డున మంచిర్యాల జిల్లా జైపూర్‌లో సింగరేణి వారి 1200 మెగావాట్ల కేంద్రం 2016 నుండి పనిచేయుచున్నది. ఇన్ని పొగగొట్టాల నీడలో కూర్చుండి, ఏదో అన్యదేశపు పాఠ్యపుస్తకంలోని ఊహాజనిత యంత్రానికి లెక్కలు కట్టుట మాకు వింతగా తోచుచున్నది.

కండెన్సరు సంగతికే వత్తము. టర్బైనును త్రిప్పి బయటకు వచ్చిన ఆవిరిని చల్లని నీటితో తిరిగి నీరుగా మార్చు పాత్ర కండెన్సరు. 500 మెగావాట్ల యూనిట్ ఒకదానిని తీసికొనుడు. దాని సమర్థత 37 శాతం అనుకొన్నచో, బొగ్గు నుండి సుమారు 1350 మెగావాట్ల ఉష్ణం పుట్టవలెను. కిలోకు 4000 కిలో కేలరీల బొగ్గయినచో గంటకు సుమారు 290 టన్నులు. అందులో 500 మాత్రమే విద్యుత్తుగా మారును. మిగిలిన 850 మెగావాట్లలో కొంత పొగగొట్టం గుండ, అత్యధిక భాగం కండెన్సరు నీటి గుండ బయటికి పోవును. ఇంత వేడిని నీటిపాలు చేయనేల, ఆ ఆవిరిని అట్లే తిరిగి బాయిలరులోనికి నెట్టరాదా అని ఏ గని కార్మికుని కుమారుడైనను అడుగును. అడుగవలెను కూడ. తరగతిలో ఆ ప్రశ్నకు ఒక గంట కేటాయించుట వృథా కాదని మేము దృఢంగా నమ్ముచున్నాము.

సమాధానం కష్టమైనది కాదు. కిలో నీటిని 170 బార్ల పీడనానికి పంపుతో నెట్టుటకు సుమారు 17 కిలోజౌళ్ల శ్రమ చాలును, ఏలయన నీరు మిక్కిలి తక్కువ చోటు ఆక్రమించును. ఆ కిలో ఆవిరిగా మారి టర్బైనులో చేయు పని వెయ్యి కిలోజౌళ్లకు పైమాట. అదే కిలో ఆవిరిని ఆవిరిగానే అదిమి వెనుకకు నెట్టదలచినచో, టర్బైనులో సంపాదించినదంతయు ఆ నెట్టుటకే ఖర్చగును. కనుక ఆవిరిని నీరుగా మార్చవలెను. మార్చుటకు దాని గుప్తోష్ణాన్ని ఎవరికో అప్పగింపవలెను. ఆ ఎవరో ఇచ్చట నీరు. ఈ నాలుగు వాక్యాలు అర్థమైన విద్యార్థికి రాంకిన్ చక్రం బొమ్మ చూచి వణకు పుట్టదు.

వేడిని వదలకుండ వేడి నుండి పనిని రాబట్టలేమను సత్యాన్ని 1824లో సాది కార్నో అను ఫ్రెంచి యువకుడు ఒక చిన్న పుస్తకంలో ప్రకటించినాడు. అప్పటికి అతని వయస్సు 28 ఏండ్లు. ఉష్ణమనగా ఒక ద్రవం వంటి పదార్థమని ఆ కాలపు శాస్త్రజ్ఞులలో పలువురు నమ్ముచుండిరి. ఆ పుస్తకం వ్రాయునాటికి కార్నో సైతం అట్లే నమ్మినాడు. ఆ నమ్మకం తప్పు. అయినను అతడు చేరిన సిద్ధాంతం నిలిచినది. పరీక్షలో మొదటి మెట్టు తప్పినందుకు నిరుత్సాహపడు మిత్రులు ఈ సంగతి గుర్తుంచుకొందురు గాక.

కార్నో సూత్రాన్ని మన ఎండలకు అన్వయించి చూడుడు. ఆవిరి ఉష్ణోగ్రత 540 డిగ్రీలు, అనగా 813 కెల్విన్లు. కండెన్సరు 42 డిగ్రీలు, అనగా 315. గరిష్ఠ సమర్థత సుమారు 61.3 శాతం. మే నెలలో రామగుండం ఎండకు చల్లబరచు నీరు వేడెక్కి కండెన్సరు 51 డిగ్రీలకు చేరినదనుకొన్నచో అది 60.1 శాతానికి దిగును. పైకి ఒక్క శాతమే. కాని 500 మెగావాట్ల యూనిట్లో ఆ నిష్పత్తిలో లెక్కించినచో సుమారు 9 మెగావాట్లు తగ్గును. ఇది స్థూలమైన లెక్కయే. అయినను ఇంటింట ఫంకాలు, కూలర్లు తిరుగుచు విద్యుత్తు అత్యధికంగా కావలసిన నెలలోనే యంత్రం కొంత నీరసించునను సంగతి మన విద్యార్థికి ఏ పుస్తకం చెప్పగలదు? మన ఎండ చెప్పగలదు.

కూలర్ల మాట వచ్చినది కనుక ఇంకొక ఉదాహరణం. మేలో గాలి 43 డిగ్రీలు, తేమ 20 శాతం ఉన్నప్పుడు తడి గుడ్డ చుట్టిన ఉష్ణమాపకం సుమారు 25 డిగ్రీలు చూపును. కూలరు గాలిని ఆ దిశగా దింపగలదు. జూలైలో వాన వెలిసిన నాడు గాలి 32 డిగ్రీలే గాని తేమ 80 శాతం. తడి ఉష్ణమాపకం 29 చూపును. అప్పుడు అదే కూలరు మూడు డిగ్రీలకు మించి ఏమియు చేయజాలదు. "కూలరు చెడిపోయినది, మెకానిక్కును పిలువుము" అని ఇంట పెద్దలు అనుట మనమందరము విన్నదే. చెడినది కూలరు కాదు. ఎండకాలపు సురాహీలో నీరు చల్లబడుట, దమ్ బిర్యానీలో దేగ్చీ మూత చుట్టు పిండి పూసి ఆవిరిని బంధించుట, ప్రెషర్ కుక్కరులో రెట్టింపు పీడనంలో నీరు 120 డిగ్రీల వద్ద మరుగుట, ఇవన్నియు ఈ పాఠ్యాంశంలోని అధ్యాయాలే. మన తల్లులకు ఈ శాస్త్రం చేతుల ద్వారా తెలియును. తరగతి గదిలో మాత్రం అది పరాయిదైనది.

పరాయిదగుటకు భాష ఒక కారణం. ఈ విషయంలో మన ప్రాంత చరిత్ర గర్వింపదగినది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్యను బోధించినది. అందుకొరకు 1917లోనే దారుల్ తర్జుమా అను అనువాద సంస్థ నెలకొన్నది. 1929లో అచ్చట ఇంజనీరింగ్ కళాశాల వెలసినది. తెలుగు విషయానికి వచ్చినచో, 1957 నుండి 1977 వరకు శాసనసభలో మంథనికి ప్రాతినిధ్యం వహించిన పి.వి. నరసింహారావు గారే 1968లో స్థాపింపబడిన తెలుగు అకాడమీకి 1974 వరకు అధ్యక్షులు. కళాశాల స్థాయి శాస్త్ర గ్రంథాలు తెలుగులో వెలువడుటకు ఆ సంస్థ మార్గం వేసినది. ఇంజనీరింగ్ విద్యకు మాత్రం ఆ మార్గం సాగలేదు. 2021లో అఖిల భారత సాంకేతిక విద్యా మండలి తెలుగుతో సహా కొన్ని భారతీయ భాషలలో ఇంజనీరింగ్ బోధనకు అనుమతి ఇచ్చినది గాని, మన పల్లెల విద్యార్థి నేటికిని ఆంగ్ల మాధ్యమంలోనే ఈ పాఠం వినుచున్నాడు.

పరీక్ష ఆంగ్లంలో ఉండుటకు మేము వ్యతిరేకులము కాము. ఉద్యోగం కొరకు దేశ విదేశాలకు వెళ్లవలసినవారికి ఆంగ్లం తప్పదు. కమిటీలోని కొందరు పెద్దలు "భాష మార్చినచో పిల్లల ఆంగ్లం సన్నగిల్లును" అని శంకించుట కూడ సహేతుకమే. మేము కోరునది వేరు. మొదట భావం ఇంటి భాషలో తెలియవలెను. పిదప ఆంగ్లంలో వ్రాయవచ్చును. ఇచ్చట మరొక ప్రమాదాన్ని గూడ చెప్పక తప్పదు. కఠిన సంస్కృత సమాసాలతోనో, ఎవరును వినని అరబ్బీ పదాలతోనో నింపిన అనువాదం ఆంగ్లం కంటె మేలైనది కాదు. బాయిలరును బాయిలరనియే అందము. మన కార్మికులు తరతరాలుగా అట్లే అనుచున్నారు.

ఈ పనికి పెద్ద ధనం అక్కరలేదు. రామగుండంలోను, సింగరేణిలోను బాయిలర్ల వద్ద, పంపుల వద్ద జీవితం గడిపి విశ్రాంతి తీసికొనుచున్న పెద్దలు మన విద్యార్థుల ఇండ్లలోనే కలరు. సెలవు దినాలలో వారిని కళాశాలకు ఆహ్వానించి, ఇంజనీరింగ్‌కు వెళ్లదలచిన పిల్లలతో మాట్లాడింపవలెను. వారు తెలుగులోనో ఉర్దూలోనో చెప్పుదురు, పిల్లలు వ్రాసికొందురు. విద్యుత్ కేంద్రాన్ని చూచుటకు వెళ్లు యాత్ర ఫోటో దిగి భోజనం చేసి తిరిగి వచ్చు విహారయాత్ర కారాదు. ప్రతి విద్యార్థి ఒక ప్రశ్నతో వెళ్లి, ఒక అంకెతో తిరిగి రావలెను.

బొగ్గు కాలం ముగియుచున్నది, ఇంకను ఆవిరి చదువెందుకని కొందరు మిత్రులు అడుగుచున్నారు. పాత బి-థర్మల్ కేంద్రం 2024లో మూతపడిన మాట నిజమే. ఆ కేంద్రాన్ని చూచుచు పెరిగినవారికి అది బాధాకరమైన సంగతి కూడ. కాని రామగుండంలోనే 800 మెగావాట్ల క్రొత్త యూనిట్లు రెండు 2023, 2024 సంవత్సరాలలో జాతికి అంకితమైనవి. అవి నీటి సంధి పీడనమైన 221 బార్లకు పైన పనిచేయునవి. ఆ స్థితిలో నీరు మరుగుట అను ఘట్టమే ఉండదు. పాత నోట్సు వాటికి చాలదు. జలాశయంపై తేలు 100 మెగావాట్ల సౌర ఫలకాలు 2022 నుండి అచ్చటనే పనిచేయుచున్నవి. సౌర ఫలకం వేడెక్కినకొలది దాని ఉత్పత్తి తగ్గును. క్రింది నీటి చల్లదనం దానికి కొంత మేలు చేయును. సూర్యుని వద్దకు పోయినను ఉష్ణగతిక శాస్త్రం నుండి తప్పించుకొనలేము.

మాటలతో సరిపుచ్చక మేము ఒక చిన్న పదకోశం ఆరంభించినాము. పుటకు మూడు గళ్లు: ఆంగ్లం, తెలుగు, ఉర్దూ. వ్రాయుచుండగా ఒక సంగతి మమ్ము ఆశ్చర్యపరచినది. ఆంగ్లంలో లేటెంట్ హీట్ అనుదానిని తెలుగువారు గుప్తోష్ణమన్నారు, ఉర్దూవారు మఖ్ఫీ హరారత్ అన్నారు. రెండింటికిని దాగిన వేడి అనియే అర్థం. వేడికి హరారత్, కదలికకు హరకత్ అను ఉర్దూ మాటలు ప్రక్కప్రక్కన చేరగా, ఉష్ణము, గతి అను మన మాటల జంట అచ్చముగా ఎదుట నిలిచినది. ఎంట్రపీ వద్ద మాత్రం మా కలం ఆగినది. మా తెలుగు పంతులుగారు సూచించిన మాట ఉర్దూ మిత్రులకు నచ్చలేదు. వారు తెచ్చిన మాట మాకు నోరు తిరుగలేదు. ప్రస్తుతానికి మూడు గళ్లలోను ఎంట్రపీ అనియే వ్రాసి ఉంచినాము. మెరుగైన మాట తోచినవారు వచ్చే సంచికలోగా గ్రంథాలయంలోని ఆ పుస్తకంలో స్వయంగా వ్రాయవచ్చును, పెన్సిలుతో వ్రాయగోరుచున్నాము.