‘ఎనీ’ పెట్టెయ్, పనైపోద్ది!

టైప్‌స్క్రిప్ట్ వచ్చింది 2012లో. ఇన్నేళ్ళయినా కోడ్ రివ్యూల్లో వినపడే మాట మాత్రం మారలేదు: “ఇప్పుడు టైం లేదు బాస్, ఎనీ పెట్టెయ్, సర్వర్ వాళ్ళు ఎలాగూ వాలిడేట్ చేస్తారుగా.” ఈ ‘ఎలాగూ’ మీదే నా కోపమంతా.

సర్వర్ ఏం చూస్తుందండీ? వచ్చింది అంకా కాదా అని చూస్తుంది. రేజర్‌పే, స్ట్రైప్ లాంటివాటికి మన సొమ్ము పైసల్లో పంపాలి. 500 రూపాయలు వసూలు చెయ్యాల్సిన చోట 500 అనే పంపారనుకోండి, వచ్చేది అయిదు రూపాయలే. 500 నిక్షేపమైన అంకె, దాన్ని ఏ వాలిడేటరూ ఆపదు. అది రూపాయలో పైసలో తెలిసింది క్లయింట్ కోడ్ రాసినవాడికే. అందుకని ‘అమౌంట్: నంబర్’ అని రాసేసి చేతులు దులుపుకోవడం కూడా నా లెక్కలో ఎనీ పెట్టినట్టే. పైసలకో టైపు, రూపాయలకో టైపు పెట్టండి. ఒకదాని చోట ఇంకోటి ఇస్తే కంపైలరే అరుస్తుంది. నాలుగు లైన్ల పని.

ఇంతకన్నా ఒళ్ళు మండేది ఇంకోటుంది. యూజరు ప్రొఫైల్లో ఫోన్ నంబరు చెరిపేసి సేవ్ నొక్కాడు. మనవాళ్ళ కోడ్ అక్కడ అన్‌డిఫైన్డ్ పెట్టింది. జేసన్‌గా మార్చేటప్పుడు ఆ ఫీల్డు చడీచప్పుడు లేకుండా మాయమైపోతుంది. సర్వర్ ‘దీన్ని మార్చొద్దన్నారు కాబోలు’ అనుకుని 200 ఓకే అంటుంది. నంబరు అక్కడే ఉంటుంది! అది ఈపాటికి ఇంకొకరి చేతికి పోయుంటే ఓటీపీలు వాళ్ళకి వెళ్తాయి. తీసెయ్యాలంటే నల్ పంపాలి, 2014 నాటి జేసన్ మెర్జ్ ప్యాచ్ చెప్పేదీ అదే. ఫీల్డు పేరు పక్కన ప్రశ్నార్థకం పెడితే సరిపోదు. ‘అసలు లేదు’, ‘అన్‌డిఫైన్డ్ ఉంది’ ఈ రెండిటికీ తేడా పట్టాలంటే, 2021లో 4.4తో వచ్చిన ‘ఎగ్జాక్ట్ ఆప్షనల్ ప్రాపర్టీ టైప్స్’ సెట్టింగు విడిగా ఆన్ చెయ్యాలి. స్ట్రిక్ట్ మోడ్ పెట్టినా అది దానంతటది రాదు (ఎందుకు పెట్టలేదో ఆ మహానుభావులకే తెలియాలి).

నేను పనిచేసిన ఒకచోట లాగ్స్ నిండా ‘పేజ్=అన్‌డిఫైన్డ్’ అని రిక్వెస్టులు. యూఆరెల్‌ని టెంప్లేట్ స్ట్రింగ్‌తో అతికించిన ఫలితం. సర్వర్ పాపం మొదటి పేజీయే మళ్ళీ మళ్ళీ ఇచ్చేది.

“టైపులు రన్‌టైంలో ఉండవుగా” అంటారు కొందరు పెద్దలు. నిజమే, రెస్పాన్సుల విషయంలో. అవి బయటినుంచి వస్తాయి, జాడ్ లాంటిదేదో పెట్టి చూసుకోవాల్సిందే. రిక్వెస్టు అలా కాదే! అది పుట్టేదే మన కోడ్‌లో. దాన్ని కంపైలర్ చూడగలిగినంతగా ఇంకెవరూ చూడలేరు.

ఇక టైం లేదన్న సాకు. ఓపెన్ఏపీఐ ఫైలుంటే టైపులు మిషనే రాసిపెడుతుంది. పైసల టైపు లాంటివి మాత్రం మనమే కలుపుకోవాలి. పాత ప్రాజెక్టు మొత్తం ఒక్కసారే మార్చమని నేననట్లేదు, ముందు డబ్బు కదిలే రిక్వెస్టులు పట్టుకోండి. నాలుగో అయిదో ఉంటాయి, అంతే.