పొలమారితే తప్పెవరిది?

ముసలివాళ్లకు అన్నం తింటూ పొలమారితే, ఎవరో తలుచుకుంటున్నారని మాడు మీద తట్టి ఊరుకుంటాం. తర్వాత ఆ మనిషి న్యుమోనియాతో పోతే మాత్రం 'కోడలు సరిగ్గా పెట్టలేదు' అంటారు. జబ్బు ఎవరికీ కనబడదు, పెట్టే చెయ్యే కనబడుతుంది.

పక్షవాతం, పార్కిన్సన్స్, డిమెన్షియా ఉన్నవాళ్లలో చాలామందికి మింగే కండరాలు అదుపు తప్పుతాయి. తిన్నది, తాగింది శ్వాసనాళంలోకి జారి ఊపిరితిత్తులకు చేరుతుంది. కొందరికి దగ్గు కూడా రాదు. తిన్నాక గొంతు గరగరలాడటం, మాటిమాటికీ జ్వరం రావడం, చిక్కిపోవడం దీని ఆనవాళ్లు. తేలిగ్గా దిగుతాయని మనం పోసే మంచినీళ్లు, పల్చని మజ్జిగే వీళ్లకు ఎక్కువగా పొలమారతాయి. నిటారుగా కూర్చోబెట్టి చిన్న ముద్దలు పెట్టడం, తిన్న వెంటనే పడుకోబెట్టకపోవడం, నోరు శుభ్రంగా ఉంచడం ప్రమాదాన్ని తగ్గిస్తాయి. వీటికి పెద్ద యంత్రాలక్కర్లేదు. నేర్పేవాళ్లు కావాలి, చేసేవాళ్లకు తీరిక కావాలి.

ఆ తీరిక ఎవరికుంది? 2024 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం 15-59 ఏళ్ల స్త్రీలలో 41 శాతం ఇంట్లోవాళ్ల సంరక్షణ పని చేస్తుంటే, పురుషుల్లో 21.4 శాతమే చేస్తున్నారు. ముద్ద మింగేదాకా ఆగి మరో ముద్ద పెట్టే స్త్రీకి కూలి పోతుంది, నిద్ర పోతుంది, చివరికి నింద మిగులుతుంది. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం 'పిల్లలు' అన్న నిర్వచనంలో కొడుకును, కూతురిని, మనవలను చేర్చింది, కోడలిని చేర్చలేదు. చట్టంలో లేని కోడలిదే ఇంట్లో చాకిరి అంతా. పెద్దల్ని ఇంట్లోనే చూసుకోవడం మన సంస్కృతి అని ఉపన్యసించేవాళ్లు ఈ శ్రమను లెక్కలోకి తీసుకోరేం?

మంచాన పడింది స్త్రీ అయితే పరిస్థితి మరీ అన్యాయం. బతుకంతా అందరూ తిన్నాక తిన్న మనిషి, గొంతు దిగడం లేదని ఎవరితో చెబుతుంది? ఒకరికి భారం కాకూడదని నీళ్లు తాగడమే తగ్గించుకుంటుంది. మనం దాన్ని చాదస్తమంటాం.

పక్షవాతం రోగికి నోటితో ఏదీ పెట్టకముందే మింగే పరీక్ష చెయ్యాలి. జిల్లా ఆస్పత్రుల్లో ఈ శిక్షణ ఉన్న స్పీచ్ థెరపిస్టులను నియమించాలి. ఇంటికి పంపేముందు కోడలినే కాదు, కొడుకునూ కూర్చోబెట్టి నేర్పాలి. ఇంటింటికీ వెళ్లి చూసే పని ఆశా వర్కర్లకు అప్పగిస్తే దానికి జీతమివ్వాలి, మరో ఉచిత సేవగా వాళ్ల నెత్తిన రుద్దకూడదు. వృద్ధుల ఆరోగ్యం గురించి మాట్లాడే ప్రతి సభలోనూ మనం ఈ డిమాండ్లు పెట్టాలి. ముద్ద మింగడం ప్రాణానికి సంబంధించిన హక్కు. దాని బాధ్యత ఒక్క ఆడదాని చేతిమీద వదిలేయడం ఇక చెల్లదు.