ముసురులో సముద్ర స్నానానికి బండి కట్టాలా, వద్దా?

కార్తీకమాసం వచ్చిందంటే నెల్లూరు సముద్ర తీరానికి జనం రాక, వాన రాక ఒకేసారి మొదలవుతాయి. మైపాడుకు, కొత్తకోడూరుకు, రామతీర్థానికి, ఇంకా దక్షిణంగా తూపిలిపాళేనికి పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలే కదలి వస్తాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే బంగాళాఖాతంలో వాయుగుండాలు పుడుతుంటాయి. జిల్లాలో ఏడాది పొడవునా కురిసే వానలో సగానికి మించి అక్టోబరు నుంచి డిసెంబరు వరకు గల మూడు నెలల్లోనే కురుస్తుంది. కావున "రేపు పోదామా, వద్దా" అన్న మాట ప్రతి ఏటా వందలాది ఇళ్ళలో అరుగుల మీద నలుగుతూనే ఉంటుంది. ఈ మాటను ఇంట్లో ఎవరు తేల్చాలి, ఎప్పుడు తేల్చాలి అన్న విషయాన్ని గ్రామస్థులు కాస్త నిదానంగా ఆలోచించవలసి ఉంది.

ఇంటినే చక్రాల మీదికి ఎక్కించిన కారవాను బండ్ల మాట ఈ మధ్య తరచుగా వినిపిస్తున్నది. వాటి కోసం కేరళ ప్రభుత్వం 2021లో ఒక పథకమే ప్రకటించింది. నెల్లూరు పల్లెలకు ఇది మరీ కొత్త సంగతేమీ కాదు. వెనుకటి కాలంలో గూడు బండిలో వరిగడ్డి పరచి, పైన జంపఖానా వేసి, బియ్యం, పప్పు, వంట పాత్రలు, పసిపిల్లలు, ముసలివాళ్ళతో సహా ఇల్లంతా బండెక్కి సముద్ర స్నానానికి పోయేవారు. రాత్రి బండి కింద పడుకుని, తెల్లవారుజామున స్నానం చేసి, దీపం పెట్టి, అక్కడే వండుకు తిని వచ్చేవారు. ఇప్పుడు గూడు బండి పోయి ట్రాక్టరు ట్రక్కు, ఆటో, బాడుగ వ్యాను వచ్చాయి. అయితే ఒక తేడా ఉంది. వాగు ఉరవడిగా పారుతుంటే ఎద్దులు కాలు ముందుకు పెట్టక మొరాయించేవి. ఇంజనుకు ఆ భయం లేదు. తొక్కితే పోతుంది. ఎద్దుకు ఉండిన ఆ వివేకం ఇప్పుడు మనిషే తెచ్చుకోవాలి.

పంచాంగం చెప్పే సంగతి

వాన పడినంత మాత్రాన ప్రయాణం మానుకోవాలని ఎవరూ అనరు. ఈ జిల్లాలో వాన శత్రువు కాదు. ఈ వానకే చెరువులు నిండుతాయి, నారుమళ్ళు పచ్చబడతాయి. చిన్న తుంపరకు భయపడి ఇంట్లో కూర్చుంటే కార్తీకంలో ఒక్క ప్రయాణమూ సాగదు. ముసురు వేరు, ముప్పు వేరు. ఈ రెండింటికీ తేడా తెలుసుకోవడమే అసలు సంగతి.

ముప్పు ఎప్పుడు వచ్చిందో పాత లెక్కలు తీసి చూస్తే ఒక విషయం కొట్టవచ్చినట్లు కనబడుతుంది. దివిసీమను ముంచిన ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. శ్రీహరికోట వైపు తీరం దాటిన తుపాను 1984 నవంబరు నెల మధ్యలో వచ్చింది. కావలి తీరాన్ని చీల్చిన తుపాను 1989 నవంబరు రెండవ వారంలో వచ్చింది. 2023 డిసెంబరు 5న బాపట్ల వద్ద తీరం దాటిన మిగ్‌జాం తుపాను, అంతకు ముందు నెల్లూరు తీరం వెంబడే ఉత్తరానికి సాగింది. ఈ తేదీలను పంచాంగంతో సరిచూస్తే నాలుగూ కార్తీకమాసంలోనే పడతాయి. ప్రతి కార్తీకంలోనూ తుపాను వస్తుందని దీని అర్థం కాదు. కాగా తుపాను వచ్చే కాలమూ, జనం సముద్రానికి పోయే కాలమూ ఒకటేనని మాత్రం మరువరాదు.

ఇక 2021 సంగతి అందరికీ గుర్తున్నదే. ఆ ఏడు నవంబరు 19 కార్తీక పౌర్ణమి. ఆ తెల్లవారుజామున చెన్నై దగ్గర వాయుగుండం తీరం దాటింది. ఆ ఉదయమే కడప జిల్లాలో చెయ్యేరు మీద ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. నందలూరు ప్రాంతంలో ఆర్టీసీ బస్సులు వరదలో చిక్కుకుని ప్రయాణికులు ప్రాణాలు కోల్పోయారు. ఏటి ఒడ్డున గుడికి పోయినవారూ కొట్టుకుపోయారు. చెయ్యేరు పోయి పెన్నలో కలుస్తుంది. పెన్న సోమశిల దాటి, నెల్లూరు మీదుగా వచ్చి ఊటుకూరు వద్ద సముద్రంలో పడుతుంది. కనుక కడపలో కురిసిన వాన ఆ వెంటనే నెల్లూరు గుమ్మంలోకి వచ్చింది. కోవూరు, నెల్లూరు మధ్య జాతీయ రహదారి తెగింది. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయి రైళ్ళు నిలిచిపోయాయి.

ఇందులో గ్రహించవలసిన నీతి ఒక్కటే. ముంచే నీళ్ళు మన నెత్తిన కురిసిన నీళ్ళే కానక్కర లేదు. మైపాడులో ఎండ కాస్తూ ఉండవచ్చు. సోమశిల గేట్లు ఎత్తి ఉండవచ్చు. తలెత్తి ఆకాశం చూసి "తెరిపి ఇచ్చింది, పదండి" అనడం నెల్లూరు తీరంలో చాలదు.

రావడానికి దారి ఉందా?

సాధారణంగా ఇంటి పెద్దలు "పోవడానికి దారి ఉందా" అని అడుగుతారు. అడగవలసింది అది కాదు. "పొద్దుగూకే వేళకు తిరిగి రావడానికి దారి ఉంటుందా" అని అడగాలి. ఈ తీరం నైసర్గిక పరిస్థితి అటువంటిది. సముద్రానికి సమాంతరంగా బకింగ్‌హాం కాలువ సాగుతుంది. చాలా చోట్ల ఆ కాలువ దాటనిదే ఇసుక మీద కాలు పెట్టలేము. పెన్న, కండలేరు, స్వర్ణముఖి, కాళంగి, వీటికి తోడు ఎన్నో వాగులు, మురుగు కాలువలు అన్నీ పడమటి నుంచి తూర్పుకే వస్తాయి. పోయేటప్పుడు మోకాలి బంటి ఉన్న చప్టా, వంటలూ భోజనాలూ ముగిసేసరికి నడుము బంటి అయి ఉండవచ్చు. అప్పటికి చీకటి పడుతుంది. పిల్లలు నిద్రకు వస్తారు. "ఎలాగైనా ఇల్లు చేరాలి" అన్న తొందర పుడుతుంది. ప్రాణాలు పోయేది ఆ తొందరలోనే.

పారే నీటి బలాన్ని చాలామంది తక్కువగా అంచనా వేస్తున్నారు. జానెడు లోతు నీరు వేగంగా పారితే మనిషి కాలు నిలవదు. అడుగు లోతు పారుడు నీటిలో చిన్న కారు తేలిపోగలదు. రెండడుగులైతే పెద్ద బండ్లనే పక్కకు నెట్టగలదు. పైగా చప్టా మీద నీరు ఎర్రగా, మడ్డిగా ఉంటుంది. కింద రోడ్డు ఉందో, కోసుకుపోయిందో కళ్ళకు కనబడదు. "ఇందాక ఒక లారీ పోయింది" అన్న మాట నమ్మి వెనుక ఆటో దించడం అవివేకం. లారీ బరువు వేరు, ఆటో బరువు వేరు. ఇక ట్రాక్టరు ట్రక్కు సామాను మోయడానికి ఉన్నది. అందులో మనుషులను ఎక్కించడం ఎండ రోజున సైతం చట్ట విరుద్ధం. వాన రోజున అయితే చెప్పనే అక్కర లేదు.

కావున తీర్మానం ముందు రోజు సాయంత్రమే ఇంట్లో జరగాలి. చప్టా దగ్గర జరగరాదు. చప్టా దాకా వచ్చిన తర్వాత వెనక్కు తిరగడానికి ఎవరికీ మనసొప్పదు. పులిహోర కలిపి ఉంటుంది. బంధువులు వెనుక బండిలో ఉంటారు. వెనక్కు తిప్పితే పిరికివాడంటారని డ్రైవరు అనుకుంటాడు, డ్రైవరే ధైర్యంగా ఉన్నాడు గదా అని ఇంటి పెద్ద అనుకుంటాడు.

ముందు రోజు చూసుకోవలసినవి కూడా పెద్ద శాస్త్రాలేమీ కావు. కృష్ణపట్నం ఓడరేవులో ఎన్నో నంబరు ఎగరేశారో తెలుసుకోవాలి. ఒకటి, రెండు నంబర్లు వాయుగుండమో తుపానో దూరంగా ఉన్నదని చెబుతాయి. మూడు నుంచి మొదలుకొని ఆ సంగతి ఈ రేవుకే వర్తిస్తుంది. ఎనిమిది, తొమ్మిది, పది అంటే మహా ప్రమాదం. వాతావరణ శాఖవారు జిల్లాల వారీగా రంగులతో హెచ్చరికలు ఇస్తున్నారు. పసుపు రంగు అయితే కనిపెట్టుకుని ఉండాలి. నారింజ రంగు అయితే ప్రయాణం కట్టిపెట్టాలి. ఎరుపు అయితే ఇక చర్చ లేదు. సోమశిల, కండలేరు నుంచి నీళ్ళు వదులుతున్నదీ లేనిదీ పత్రికల్లో, టీవీల్లో వస్తుంది. విపత్తుల సంస్థవారి 1070 నంబరుకు ఫోను చేసి కూడా అడగవచ్చును.

వీటన్నిటికీ మించి తీరంలోని పట్టపుపాళేల వారిని ఒక మాట అడిగితే చాలు. వారు పడవలను గట్టు మీదికి లాగి, వలలు పైకి ఎత్తి పెట్టారంటే ఆ రోజు సముద్రం స్నానానికి పనికిరాదన్న మాటే. వాన వెలసిన తర్వాత కూడా ఒకటి రెండు రోజులు అలలు పోటు మీద ఉంటాయి. పైకి నిర్మలంగా కనబడే నీరే కాళ్ళ కింద ఇసుకను లాగేస్తుంది.

వద్దన్నప్పుడు మరో తేదీ చెప్పాలి

అయితే ఈ విషయంలో ఇంకొక పక్క కూడా ఉంది. దానిని పెద్దగా ఎవరూ పట్టించుకోవడం లేదు. "ముసురు పట్టింది, మానేద్దాం" అనడం ఇంట్లో మగవారికి తేలిక. వారానికి రెండుసార్లు పని మీద నెల్లూరో, గూడూరో, కావలో పోయి వచ్చేవారికి ఒక ప్రయాణం తప్పితే తప్పినట్లు కాదు. ఏడాది పొడవునా పొయ్యి దగ్గర, గొడ్ల దగ్గర, నాట్లలో గడిపే కోడలికి ఈ సముద్ర స్నానం ఒక్కటే బయటి గాలి. పది రోజుల ముందు నుంచి ఒత్తులు చేసి పెట్టుకుంటుంది. పుట్టింటివారు కూడా ఫలానా రోజు అక్కడికే వస్తారని కబురు పెట్టుకుంటుంది. ఆమెతో "ఈసారికి వద్దులేమ్మా" అని ఒక్క మాటలో తేల్చి, మళ్ళీ ఆ ఊసే ఎత్తకపోతే అది జాగ్రత్త అనిపించుకోదు. అన్యాయం అనిపించుకుంటుంది.

ముప్పు తెలిసి కూడా కొన్ని కుటుంబాలు మొండిగా బయలుదేరడానికి ఒక కారణం ఇదే. ఇప్పుడు పోకపోతే ఇంకెప్పుడూ పోమని ఇంట్లో ఆడవారికి తెలుసు. "పోనీలే అత్తా, వచ్చే సోమవారం పోదాం" అని కోడలు నిబ్బరంగా అనగలగాలంటే, వచ్చే సోమవారం బండి కదులుతుందన్న నమ్మకం ఆమెకు ఉండాలి. ఆ నమ్మకం ఇవ్వవలసినది ఇంటి యజమాని. కనుక వద్దన్నవాడే, అదే నోటితో, అదే పూట మరో తేదీ చెప్పాలి. తేదీ లేని వాయిదా వాయిదా కాదు, రద్దు.

తేదీలకు కరువేమీ లేదు. కార్తీకంలో సోమవారాలు నాలుగో అయిదో ఉంటాయి. ఏకాదశి ఉంది. అమావాస్య దాకా నెల ఉంది. కార్తీకమంతా ముసురులోనే పోతే, మాఘ పౌర్ణమి సముద్ర స్నానం కూడా పెద్దల నుంచి వస్తున్న ఆచారమే. అప్పటికి ఈ జిల్లాలో వానలు వెనక్కు తగ్గుతాయి, వాగులు దిగుతాయి, నాట్ల పనీ తీరి ఉంటుంది. పౌర్ణమి నాటి స్నానం ఇంటి బావి దగ్గర చేసి, తులసి కోట దగ్గర దీపం పెట్టుకున్నంత మాత్రాన పుణ్యం తగ్గిపోదు. పసిపిల్లలను వరదలోకి దించి రమ్మని ఏ దేవుడూ కోరడు.

బయానా పోతుందన్న బాధ రెండవ కారణం. వ్యానుకు ముందుగా ఇచ్చిన వెయ్యో రెండు వేలో తిరిగి రాదని బయలుదేరేవారు ఉన్నారు. డ్రైవరు కూడా అంతే. బాడుగ పోతే ఆ రోజు కూలి పోతుందని వద్దనలేడు. దీనికి మందు బేరం కుదుర్చుకునే నాడే ఉంది. "హెచ్చరిక వస్తే బండి కదలదు. బయానా వచ్చే ప్రయాణానికి జమ" అని ముందే మాట అనుకుంటే ఇరువైపులా నష్టం లేదు. ఒక ఊరి నుంచి నాలుగైదు బండ్లు పోతాయి గనుక, ఈ కట్టుబాటు ఊరంతా కలిసి చేసుకుంటే మరీ మంచిది. డ్రైవరు "వద్దు" అన్నప్పుడు అతనిని తిట్టకుండా మెచ్చుకునే అలవాటు రావాలి.

అధికారులు చేయవలసినవి కూడా కొన్ని ఉన్నాయి. తీరానికి పోయే ప్రతి చప్టా దగ్గర లోతు చూపే గుర్తుల స్తంభం నాటాలి. నీరు గీత దాటినప్పుడు అడ్డుకర్ర వేసి ఒక మనిషిని కాపలా పెట్టాలి. పౌర్ణమికీ సోమవారాలకీ ముందు రోజు సాయంత్రం, తీరపు దారుల పరిస్థితిని గ్రామాలలో మైకు ద్వారా చెప్పించాలి. జనం బయలుదేరిన తర్వాత దారిలో ఆపి వెనక్కు పంపడం కన్నా, ఇంట్లో ఉండగానే చెప్పడం ఉభయులకూ సుఖం.

నెల్లూరు తీరానికి వాన ప్రతి ఏడూ వస్తుంది. వచ్చి తీరాలని రైతులందరూ కోరుకుంటారు. సముద్రం కూడా ఎక్కడికీ పోదు. ముందు రోజు సాయంత్రం పది నిమిషాలు ఇంటిల్లిపాదీ కూర్చుని, తిరుగు దారి సంగతి తేల్చుకుని, పోతే తెలిసి పోవడం, ఆగితే మరో తేదీ చెప్పి ఆగడం అలవాటు చేసుకుంటే, బండెక్కిన వారందరూ అదే బండిలో ఇల్లు చేరతారు.