ముందు ముల్లు చూడండి



నాన్నగారు దాచిన పాటల ప్లేట్లు వినాలని పాత టర్న్‌టేబుల్ ఒకటి కొన్నాను. ఉన్న డబ్బంతా పెద్ద స్పీకర్లకు పెట్టి, అరిగిన ముల్లుతోనే ప్లేట్లు పదేపదే వేశాను. అమ్మకు ఇష్టమైన పాట గాడి చెడిపోయింది. అది మరి బాగుపడదు.

మీరలా చేయకండి. మొదట కొత్త ముల్లు వేయించండి. 78 స్పీడు లక్క ప్లేట్లకు వెడల్పు ముల్లు, 33 స్పీడు ఎల్.పి.లకు సన్న ముల్లు కావాలి. ముల్లు మీద బరువు కార్ట్రిడ్జి తయారుచేసినవారు చెప్పినంతే ఉంచండి. మాగ్నెటిక్ కార్ట్రిడ్జి ఇచ్చే సిగ్నలు కొద్ది మిల్లీవోల్టులే గనుక ఆంప్లిఫయరుకు ఫోనో ఇన్‌పుట్ ఉండాలి. లేకుంటే ఫోనో ప్రీఆంప్లిఫయరు వేరుగా కొనాలి.

స్పీకర్లు చిన్నవైనా ఫరవాలేదు. చెడిన గాడిని పెద్ద స్పీకరు బాగుచేయదు. ఆ గరగరనే ఇల్లంతా వినిపిస్తుంది.